టెలిస్కోప్ కెమెరాకి డార్కులు, ఫ్లాట్లు: బెంగళూరు టెర్రస్ మీద ఎలా తీయాలి, సరిగ్గా వచ్చాయో లేదో ఎలా చూడాలి

"ఫొటో మధ్యలో తెల్లగా, మూలల్లో నల్లగా ఉంది. అక్కడక్కడ వడల్లాంటి గుండ్రటి మచ్చలు. ఫ్లాట్లు తీసి వేస్తే ఇంకా పాడైంది. ఏం చేయాలి?" బెంగళూరులో టెలిస్కోప్‌కి కెమెరా తగిలించుకున్న మనవాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం ఇదే. మిగతా సగం, "బయాస్ తీయాలా, అక్కర్లేదా?" అన్నది. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పడం కంటే మొత్తం ఒకచోట రాయడం నయం. ముందు పేర్లు: లైట్ అంటే ఆకాశాన్ని తీసిన అసలు ఫొటో. డార్క్ అంటే మూత పెట్టి లైట్ అంతసేపు తీసింది. ఫ్లాట్ అంటే సమానమైన వెలుగుని తీసింది. డార్క్‌ఫ్లాట్ అంటే మూత పెట్టి ఫ్లాట్ అంతసేపు తీసింది. బయాస్ అంటే మూత పెట్టి అతి చిన్న ఎక్స్‌పోజర్‌తో తీసింది. ఒక్కో రకంలో చాలా ఫ్రేములు కలిపి చేసింది మాస్టర్. వీటితో ఫొటోని శుభ్రం చేయడమే క్యాలిబ్రేషన్.

ముందే ఒక మాట. మన ఊళ్లో డార్కుల కంటే ఫ్లాట్లే ముఖ్యం. విదేశీ వీడియోల్లో డార్కుల గురించి గంటసేపు చెప్పి ఫ్లాట్లని ఐదు నిమిషాల్లో ముగిస్తారు. వాళ్ల ఆకాశం చీకటిగా ఉంటుంది కాబట్టి వాళ్లకి అది సరిపోతుంది. మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నుంచి తీస్తే ఆకాశపు వెలుగే ఒక్కో పిక్సెల్‌లో 8,000 అంకె దాకా నింపేసిందనుకోండి. మీకు కావాల్సిన గెలాక్సీ అంచు దాని మీద మరో 80, అంటే 1 శాతం. మీ ఫ్లాట్‌లో 2 శాతం తప్పుంటే అది 160. అంటే తప్పు గెలాక్సీ కంటే రెండింతలు పెద్దది. ఇక ఎన్ని గంటలు తీసినా లాభం లేదు.

థియరీ ఇంతే. కెమెరా ఇచ్చే ప్రతి అంకెలో నాలుగు కలిసి ఉంటాయి: కెమెరా కావాలని కలిపే ఒక స్థిరమైన అంకె, అంటే బయాస్, సెన్సర్ వేడి వల్ల తనంతట పుట్టే ఎలక్ట్రాన్లు, అంటే డార్క్, లెన్సు, ధూళి, ఫిల్టర్ల వల్ల ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ పడే వెలుగు, దీన్ని సరిచేసేది ఫ్లాట్, చివరికి అసలు ఆకాశం. మొదటి రెండూ కూడికలు కాబట్టి తీసేయాలి. మూడోది గుణకారం కాబట్టి భాగించాలి. సూత్రం ఇది:

శుభ్రమైన ఫొటో = (లైట్ − మాస్టర్ డార్క్) ÷ (మాస్టర్ ఫ్లాట్ − మాస్టర్ డార్క్‌ఫ్లాట్)

కింది భాగాన్ని దాని సగటుతో భాగించి 1 చుట్టూ ఉండేలా చేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఆ పని తనే చేస్తుంది. ఈ సూత్రాన్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కింద చెప్పబోయే తప్పులన్నీ ఇందులో ఏదో ఒక ముక్క ఎగిరిపోవడం వల్ల వచ్చేవే.

ఏమేం కావాలి

- కెమెరా. చల్లబరిచే సదుపాయం ఉన్న ఆస్ట్రో కెమెరా అయితే హాయి. డీఎస్ఎల్ఆర్ అయినా సరే, కానీ రా ఫైల్ మాత్రమే. జేపెగ్‌ని క్యాలిబ్రేట్ చేయలేం.
- టెలిస్కోప్ మూత, దాని మీద కప్పడానికి మందపాటి నల్ల గుడ్డ లేదా వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్.
- ఫ్లాట్ కోసం సమానమైన వెలుగు. సాయంత్రపు ఆకాశం ఉచితం. లేదా పిల్లలు బొమ్మలు దిద్దుకునే ఎల్‌ఈడీ ట్రేసింగ్ ప్యాడ్. ఆన్‌లైన్లో దొరుకుతుంది, ఎస్పీ రోడ్డులో వెతికినా దొరుకుతుంది. మీ గొట్టం నోటికంటే పెద్ద సైజు కొనండి.
- ఉతికిన తెల్ల పంచె. నవ్వకండి. రెండు మూడు మడతలు వేసి గొట్టం నోటికి ముడతలు లేకుండా బిగిస్తే మంచి డిఫ్యూజర్. విదేశాల్లో టీషర్టు వాడతారు. దాని మీద బొమ్మ లేకుండా చూసుకోవాలి, మనకి ఆ బెడద లేదు.
- సాఫ్ట్‌వేర్: తీయడానికి నీనా లేదా షార్ప్‌క్యాప్, కలపడానికి సిరిల్, కొలవడానికి ఆస్ట్రోఇమేజ్‌జే. సిరిల్, నీనా, ఆస్ట్రోఇమేజ్‌జే మూడూ ఉచితమే.
- ఒక నోటుబుక్కు.

1. సెట్టింగులు ఒకసారి తేల్చుకుని, ఇక ముట్టుకోకండి

గెయిన్ (సెన్సర్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగు), ఆఫ్‌సెట్ (బయాస్ అంకెని పెంచే, తగ్గించే సెట్టింగు), ఉష్ణోగ్రత, బిన్నింగ్ (పక్కపక్క పిక్సెళ్లని కలిపి ఒకటిగా చదవడం), రీడౌట్ మోడ్ (సెన్సర్‌ని చదివే పద్ధతి). ఈ ఐదూ లైట్, డార్క్, ఫ్లాట్, డార్క్‌ఫ్లాట్ అన్నింటికీ ఒకేలా ఉంటే తలనొప్పి సగం తగ్గుతుంది. ఫ్లాట్లకి వేరే గెయిన్ వాడొచ్చు, వాటి డార్క్‌ఫ్లాట్‌కి కూడా అదే గెయిన్ ఉంటే చాలు. కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఆ జోలికి పోకపోవడం మంచిది.

ఉష్ణోగ్రత విషయంలో చాలామంది ఆశకి పోతారు. డబ్బా మీద "బయటి వేడి కంటే 35 డిగ్రీలు తక్కువ" అని ఉంటే నేరుగా −10 పెట్టేస్తారు. జనవరిలో నడుస్తుంది. ఏప్రిల్‌లో రాత్రి ఎనిమిదింటికి టెర్రస్ మీద 28 డిగ్రీలు ఉంటే కూలర్ వంద శాతం మీద పరిగెత్తి, అయినా అంకె కదులుతూనే ఉంటుంది. అలాంటి డార్కులు దేనికీ పనికిరావు. ఏడాది పొడవునా కూలర్ 80 శాతం దాటకుండా నిలబడే అంకె ఎంచుకోండి. బెంగళూరుకి 0 సరిపోతుంది. కొత్తతరం సీమాస్ (ఇప్పటి కెమెరాల్లో ఎక్కువగా ఉండే రకం) సెన్సర్లలో 0 డిగ్రీల దగ్గర ఒక నిమిషం ఎక్స్‌పోజర్‌లో మామూలు పిక్సెల్‌కి ఒక ఎలక్ట్రాన్ కూడా చేరదు. ఇంకో పది డిగ్రీలు తగ్గించి మీరు సాధించేది కొన్ని హాట్ పిక్సెళ్లు, అంటే వేడికి విడిగా మెరిసే పిక్సెళ్లు, తగ్గడం మాత్రమే.

ఆఫ్‌సెట్‌కి ఒక చిన్న పరీక్ష. మూత పెట్టి, కెమెరా ఇవ్వగల అతి చిన్న ఎక్స్‌పోజర్‌తో ఒక ఫ్రేమ్ తీయండి. అందులో కనిష్ఠ విలువ చూడండి. సున్నా ఉంటే ఆఫ్‌సెట్ చాలలేదు, పెంచండి. హిస్టోగ్రామ్ (ఏ అంకె ఎన్ని పిక్సెళ్లలో ఉందో చూపే గ్రాఫ్) కొండ ఎడమ గోడకి తగలకుండా పూర్తిగా కనిపించాలి. సున్నా దగ్గర తెగిపోయిన అంకెల్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

2. బయాస్: ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

పాతతరం సెన్సర్ రకం సీసీడీ ఉన్నవాళ్లకి కావాలి. మూత పెట్టి, సున్నా సెకన్ల ఎక్స్‌పోజర్‌తో 50 ఫ్రేములు. మూడు నిమిషాల పని.

సీమాస్ ఆస్ట్రో కెమెరా ఉన్నవాళ్లు బయాస్ మానేయండి. చాలా సీమాస్ కెమెరాలు అతి చిన్న ఎక్స్‌పోజర్‌లో ఒకలా, కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్‌లో మరోలా ప్రవర్తిస్తాయి. సోనీ 294 సెన్సర్ ఉన్న కెమెరాలకి ఈ పేరు బాగానే ఉంది. దాని బదులు డార్క్‌ఫ్లాట్ తీస్తాం, 5వ మెట్టులో చెప్తాను. డీఎస్ఎల్ఆర్‌లో బయాస్ బాగానే పనిచేస్తుంది: 1/4000 సెకను, మూత పెట్టి, అదే ఐఎస్ఓ.

3. డార్కులు

లైట్ ఎంతసేపో డార్క్ అంతసేపు. అదే గెయిన్, అదే ఆఫ్‌సెట్, అదే ఉష్ణోగ్రత. 20 నుంచి 30 ఫ్రేములు చాలు. వంద తీసినా తప్పు లేదు, కానీ నాయిస్, అంటే అంకెల్లో ఉండే చిల్లర హెచ్చుతగ్గులు, తగ్గడం వర్గమూలం లెక్కలో ఉంటుంది: 16 ఫ్రేములకి నాలుగో వంతు అవుతుంది, ఎనిమిదో వంతు కావాలంటే 64 తీయాలి.

చల్లబరిచే కెమెరా అయితే మబ్బు పట్టిన రోజు ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మనకి ఆ తీరిక ఎటూ దొరుకుతుంది. కెమెరాని టెలిస్కోప్ నుంచి విప్పి, మూత బిగించి, ఫాయిల్ చుట్టి, బీరువాలో పెట్టండి. వానాకాలంలో తేమ ఎక్కువ కాబట్టి కెమెరా లోపలి డెసికెంట్ (తేమ పీల్చే గుళికలు) ముందే ఆరబెట్టుకోండి, లేకపోతే సెన్సర్ ముందు అద్దం మీద మంచు పువ్వు పూస్తుంది. కూలర్‌ని ఒక్కసారిగా కిందికి లాగకుండా ఐదు పది నిమిషాలు తీసుకుని దించండి.

వెలుతురు లీకు ఉందో లేదో చూడటం ఇలా: గది చీకటి చేసి ఒక డార్క్, లైటు వేసి ఒక డార్క్. రెండింటి సగటు ఒకేలా ఉండాలి. తేడా వస్తే మూత సందుల్లోంచో, కెమెరా న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్) మీదే ఉంటే గొట్టం వెనక అద్దం పక్క నుంచో వెలుతురు వస్తోంది. ఇంకో మోసం ఉంది. కొన్ని నల్ల ప్లాస్టిక్ మూతలు మన కంటికి నల్లగానే ఉన్నా పరారుణ కాంతిని వదిలేస్తాయి. సెన్సర్‌కి అది కనిపిస్తుంది. ఫాయిల్ అందుకే.

డీఎస్ఎల్ఆర్ వాళ్లకి ఉష్ణోగ్రత చేతిలో లేదు. డార్క్ కరెంట్ ఆరేడు డిగ్రీలకి రెట్టింపు అవుతుంది కాబట్టి నిన్నటి డార్కులు ఇవాళ పనికిరావు. లైట్లు అయ్యాక, సామాను సర్దే ముందు అక్కడే తీయండి. "లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్" ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టి డార్కులు తీయొచ్చా అని అడుగుతుంటారు. బయటికి తీయగానే కెమెరా ఒళ్లంతా నీళ్లు పడతాయి. వద్దు.

సెన్సర్ మూలల్లో వెలుగు మరకలు, అంటే ఆంప్ గ్లో వచ్చే కెమెరాలకి ఒక హెచ్చరిక. సాఫ్ట్‌వేర్‌లో "డార్క్ స్కేలింగ్" లేదా "ఆప్టిమైజేషన్" అనే బటన్ ఉంటుంది. 300 సెకన్ల డార్క్‌ని 60 సెకన్ల లైట్‌కి కుదిస్తుంది. ఆంప్ గ్లో ఆ లెక్కకి లొంగదు. ఆ బటన్ ఆపేసి, ప్రతి ఎక్స్‌పోజర్‌కీ వేరే డార్కులు తీసుకోండి.

4. ఫ్లాట్లు

ఇక్కడ తొందర పనికిరాదు.

మొదటి నియమం: లైట్లు తీసినప్పుడు కెమెరా ఎలా ఉందో ఫ్లాట్లు తీసేటప్పుడూ అలాగే ఉండాలి. కెమెరా తిప్పకూడదు, ఫోకస్ కదపకూడదు, ఫిల్టర్ అదే ఉండాలి, డ్యూ షీల్డ్ (మంచు పడకుండా గొట్టం ముందు పెట్టే తొడుగు) ఉంటే ఉండాలి. ధూళి మచ్చ నీడ ఎక్కడ పడుతుందో, ఎంత పెద్దగా పడుతుందో ఇవన్నీ కలిసి తేలుస్తాయి. బెంగళూరులో పక్క వీధిలో ఎప్పుడూ ఏదో ఒక బిల్డింగ్ లేస్తుంటుంది, సిమెంటు ధూళికి కొదవలేదు. పోయిన నెల ఫ్లాట్‌తో ఈ నెల ఫొటో శుభ్రం చేయొద్దు.

రెండో నియమం: వెలుగు మట్టం. 65,535 దాకా చూపించే ఫైల్‌లో సగటు 25,000 నుంచి 30,000 దగ్గర ఉంచండి. రంగుల కెమెరా అయితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా చూడండి, ప్యాడ్ వెలుగులో సాధారణంగా ఆకుపచ్చ ముందు నిండుతుంది. డీఎస్ఎల్ఆర్ వెనక తెర మీద కనిపించే హిస్టోగ్రామ్ జేపెగ్‌ది. అక్కడ కొండ మధ్యలో ఉంటే రా ఫైల్‌లో ఇంకా చాలా కిందే ఉన్నట్టు. మధ్య నుంచి కాస్త కుడికి జరపండి.

మూడో నియమం: సంఖ్య. ఒక్కో ఫ్లాట్‌లో పిక్సెల్‌కి 25,000 ఎలక్ట్రాన్లు చేరితే 40 ఫ్లాట్లకి పది లక్షలు. దాని వర్గమూలం వెయ్యి. అంటే మాస్టర్ ఫ్లాట్‌లో సొంత నాయిస్ 0.1 శాతం. మనకి ఇంతకంటే అక్కర్లేదు. అందమైన ఫొటోకి 20 సరిపోతాయి. నక్షత్రం వెలుగు కొలిచేవాళ్లకి, ముఖ్యంగా 1–2 శాతం మాత్రమే వెలుగు తగ్గే గ్రహ ట్రాన్సిట్లు (గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటడం) తీసేవాళ్లకి 40.

*సాయంత్రపు ఆకాశంతో.* సూర్యుడు మునిగాక గొట్టాన్ని నడినెత్తికి తిప్పి, అక్కడి నుంచి 10–15 డిగ్రీలు తూర్పుకి వంచండి. ఆకాశం ఎక్కువ సమానంగా ఉండేది అక్కడే. మనం 13 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు, చీకటి గబగబా పడుతుంది. యూరప్ వాళ్లు "తీరిగ్గా అన్ని ఫిల్టర్లూ తీసుకోండి" అని రాసింది నమ్మి కూర్చుంటే రెండో ఫిల్టర్‌కే చుక్కలు వచ్చేస్తాయి. డిసెంబర్‌లో ఆరింటికి, జూన్‌లో పావు తక్కువ ఏడింటికి సూర్యాస్తమయం. అరగంట ముందే అంతా బిగించి, కెమెరా చల్లబరిచి సిద్ధంగా ఉండండి. 1 సెకనుకి సరైన మట్టం రాగానే మొదలుపెట్టి, ఎక్స్‌పోజర్ పెంచుకుంటూ పోండి. 20 సెకన్లు దాటితే ఆపేయండి. సాయంత్రం అయితే హెచ్ఆల్ఫా లాంటి సన్నటి ఫిల్టర్ (ఒకే రంగు వెలుగుని రానిచ్చేది) ముందు, లూమినెన్స్ (అన్ని రంగుల వెలుగునీ రానిచ్చేది) ఆఖర్న. తెల్లవారుజామున అయితే దీనికి తిరగేసి.

ట్రాకింగ్ (చుక్కల వెంట గొట్టం కదలడం) ఆపేయండి, లేదా ప్రతి ఫ్రేముకీ గొట్టం కాస్త జరపండి. అప్పుడు చుక్కలు ఒక్కో ఫ్రేములో ఒక్కోచోట పడి, మీడియన్ (వరసలో మధ్య విలువ) తీసేటప్పుడు మాయమవుతాయి. దేవనహళ్లి విమానాలు కూడా అంతే. సన్నటి మబ్బు ఉంటే మాత్రం ఆ రోజు ఆకాశపు ఫ్లాట్లు వదిలేయండి.

*ప్యాడ్‌తో.* మన ఊరికి నా సలహా ఇదే. వాతావరణంతో పనిలేదు, ఎన్నిసార్లయినా ఒకేలా వస్తుంది. గొట్టం నిటారుగా పైకి పెట్టి, పంచె బిగించి, దాని మీద ప్యాడ్ పెట్టండి. ప్యాడ్ కాంతి ఎక్కువగా ఉంటుంది. ఎక్స్‌పోజర్ సెకనులో వందో వంతుకి పడిపోతే ఎల్‌ఈడీ మినుకుమనడం వల్ల ఫ్రేము మీద అడ్డగీతలు వస్తాయి. కాంతి తగ్గించి, తెల్ల కాగితాలు అడ్డం పెట్టి, ఎక్స్‌పోజర్ 2–3 సెకన్లకి తీసుకురండి. కాగితం మీద నీటి ముద్ర లేకుండా చూడండి.

ప్యాడ్ నిజంగా సమానంగా వెలుగుతోందా? దీన్ని తేల్చే పరీక్ష చాలా తేలిక, కానీ ఎవరూ చేయరు. పది ఫ్లాట్లు తీయండి. ప్యాడ్‌ని మాత్రం 90 డిగ్రీలు తిప్పి ఇంకో పది తీయండి. రెండు సెట్ల నుంచీ డార్క్‌ఫ్లాట్ తీసేసి, మొదటి మాస్టర్‌ని రెండో మాస్టర్‌తో భాగించండి. ఫలితం అంతటా 1 చుట్టూ, ఒక శాతం లోపల ఉండాలి. ఒక పక్క నుంచి మరో పక్కకి వాలు కనిపిస్తే తప్పు ప్యాడ్‌ది. కాగితం పొరలు పెంచండి, లేదా ఫ్లాట్లు తీస్తూ మధ్యమధ్యలో ప్యాడ్ తిప్పుతూ ఉండండి.

లాప్‌టాప్ తెర మీద తెల్ల పేజీ పెట్టి తీయొచ్చా? చిన్న లెన్సుకి గతిలేనప్పుడు సరే. గోడకి లైటు వేసి తీయొచ్చా? పెద్ద వేధశాలల్లో డోమ్ లోపల తెర కట్టి తీస్తారు. టెర్రస్ మీద వాటర్ ట్యాంకు గోడకి ఆ సమానత్వం రాదు.

5. డార్క్‌ఫ్లాట్లు

ఫ్లాట్ ఎంతసేపో అంతసేపు, మూత పెట్టి, అవే సెట్టింగులతో, 20 ఫ్రేములు. ఆకాశపు ఫ్లాట్లలో ఎక్స్‌పోజర్ మారుతూ ఉంటుంది కదా? సీసీడీ అయితే బయాస్ తీసేస్తే చాలు. సీమాస్ అయితే మధ్యస్థంగా ఉన్న ఒక ఎక్స్‌పోజర్‌కి తీసి అన్నింటికీ అదే వాడండి, చల్లటి సెన్సర్‌లో 5 సెకన్లకీ 15 సెకన్లకీ తేడా కనిపించదు. డార్క్‌ఫ్లాట్లని "చిన్న విషయమే కదా" అని వదిలేయడం వల్లే ఎక్కువమంది ఫ్లాట్లు చెడతాయి.

6. మాస్టర్లు చేయడం, వేయడం

సిరిల్‌లో ఈ వరసలో:

1. డార్క్‌ఫ్లాట్లు కలిపి మాస్టర్. ఫ్రేముల వెలుగుని ఒకే మట్టానికి తేవడాన్ని నార్మలైజేషన్ అంటారు. ఇక్కడ నార్మలైజేషన్ వద్దు.
2. డార్కులు కలిపి మాస్టర్. నార్మలైజేషన్ వద్దు.
3. ఒక్కో ఫ్లాట్ నుంచీ మాస్టర్ డార్క్‌ఫ్లాట్ తీసేసి, తర్వాత ఫ్లాట్లు కలపాలి. ఇక్కడ మాత్రం గుణకార నార్మలైజేషన్ కావాలి, ఎందుకంటే ఆకాశపు ఫ్లాట్లు ఒక్కోటి ఒక్కో వెలుగులో ఉంటాయి.
4. లైట్ నుంచి మాస్టర్ డార్క్ తీసేసి, మాస్టర్ ఫ్లాట్‌తో భాగించాలి.
5. రంగుల కెమెరా అయితే డీబేయరింగ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిక్సెళ్ల నుంచి రంగుల ఫొటో చేయడం) దీని తర్వాతే. ముందు చేస్తే హాట్ పిక్సెల్ పక్కవాటిలోకి కూడా పాకుతుంది.

మాస్టర్ డార్క్‌లో బయాస్ ఇప్పటికే ఉంది. లైట్ నుంచి డార్కూ, బయాసూ రెండూ తీసేస్తే బయాస్ రెండుసార్లు పోయినట్టు. సాఫ్ట్‌వేర్లు కొన్ని దీన్ని పసిగడతాయి, కొన్ని పసిగట్టవు. అనుమానం ఉంటే బయాస్ గడి ఖాళీగా వదలండి.

7. వచ్చినవి సరైనవేనా?

మాస్టర్లు తయారవగానే ఫొటోకి వేసేసి స్ట్రెచ్ చేసి (మసక భాగాలు కనిపించేలా వెలుగు పెంచి) చూడటం అందరికీ అలవాటు. ముందు వీటిని చూడండి.

*డార్క్ పరీక్ష.* మాస్టర్‌లో కలపకుండా ఒక డార్క్ పక్కన పెట్టుకోండి. దాని నుంచి మాస్టర్ తీసేయండి. సగటు సున్నా దగ్గర ఉండాలి, ఆంప్ గ్లో ఆనవాలు ఉండకూడదు. సగటు పదులలో తేలితే ఆఫ్‌సెట్టో, ఉష్ణోగ్రతో, వెలుతురు లీకో. సాఫ్ట్‌వేర్ రుణ సంఖ్యల్ని సున్నా చేస్తుంటే ఈ లెక్క తప్పుతుంది, 32 బిట్ ఫైళ్లతో చేయండి.

*ఫ్లాట్ పరీక్ష.* అలాగే పక్కన పెట్టిన ఒక ఫ్లాట్‌ని మాస్టర్ ఫ్లాట్‌తో శుభ్రం చేయండి. వడలు, మూలల నలుపు పూర్తిగా పోవాలి. మధ్యలో ఒక పెట్టె, నాలుగు మూలల్లో నాలుగు పెట్టెలు గీసి సగటులు చూడండి. తేడా అర శాతం లోపల ఉండాలి. ఇది నెగ్గి, ఫొటో మాత్రం పాడైతే లోపం మాస్టర్ ఫ్లాట్ తయారీలో లేదు. లైట్ల దగ్గర వెతకండి.

*చుక్క పరీక్ష.* నక్షత్రాల వెలుగు కొలిచేవాళ్లకి ఇదే అసలు పరీక్ష. ఒక మోస్తరు నక్షత్రాన్ని మధ్యలో పెట్టి ఐదు ఫ్రేములు, తర్వాత ఒక్కో మూలకీ జరిపి ఐదేసి. నక్షత్రం ఎత్తులో ఉన్నప్పుడు, పది పదిహేను నిమిషాల్లో ముగించండి, లేకపోతే గాలి పొర మందం మారి లెక్క కలుషితమవుతుంది. క్యాలిబ్రేషన్ తర్వాత ఐదుచోట్లా మ్యాగ్నిట్యూడ్ (నక్షత్రం వెలుగు కొలత) తేడా 0.02 లోపల ఉంటే మీ ఫ్లాట్ నమ్మదగ్గది. ఫ్లాట్ పరీక్ష నెగ్గి ఇది ఓడిపోతే, ఫ్లాట్ తీసేటప్పుడు గొట్టం లోపల పక్క నుంచి వెలుతురు చెదురుతోంది. డ్యూ షీల్డ్ పొడవు పెంచండి, ఫోకసర్ లోపల మెరిసే చోట నల్ల వెల్వెట్ అంటించండి.

8. లక్షణం చూసి రోగం పట్టడం

మూలల నలుపు, వడల నలుపు పూర్తిగా పోకుండా మిగిలితే: ఫ్లాట్ చాలలేదు. ఫ్లాట్ నుంచి డార్క్‌ఫ్లాట్ తీయలేదు. ఆ అదనపు అంకె అంతటా సమానంగా కూర్చోవడంతో ఫ్లాట్‌లో తేడా అసలు కంటే తక్కువగా కనిపిస్తోంది.

మూలలు తెల్లగా, వడలు తెల్లగా: ఫ్లాట్ ఎక్కువైంది. సాధారణంగా లైట్ నుంచి డార్క్ తీయలేదు, లేదా వేరే ఆఫ్‌సెట్‌తో తీసిన డార్క్ వాడారు. ఎక్కువమంది ఈ రెంటినీ తారుమారు చేసుకుని ఫ్లాట్లు మళ్లీ తీస్తారు. తీయాల్సింది డార్కులు.

వడ పక్కనే ఒక వైపు తెలుపు, ఒక వైపు నలుపు, ఉబ్బెత్తు నాణెంలా: ఫ్లాట్‌కీ లైట్‌కీ మధ్య ఏదో కదిలింది. కెమెరా తిరిగింది, లేదా ఫిల్టర్ వీల్ సరిగ్గా అదే చోట ఆగలేదు.

ఒక పక్క నుంచి మరో పక్కకి వాలు, వడలు మాత్రం శుభ్రం: ఫ్లాట్ బాగానే ఉంది. అది ఊరి వెలుగు. ఒక దిక్కున మెయిన్ రోడ్డు ఉంటే ఆ పక్క ఆకాశం తెల్లగానే ఉంటుంది. దాన్ని ఫ్లాట్‌తో తీయాలని చూడకండి. సాఫ్ట్‌వేర్‌లో గ్రేడియెంట్ తొలగించే పనిముట్టు ఉంది, అది క్యాలిబ్రేషన్ తర్వాతి మాట. కుప్పం దాటి వెళ్లో, హార్స్‌లీ హిల్స్ ఎక్కో తీసినప్పుడు ఆ వాలు తగ్గిపోతే అనుమానం తీరినట్టే.

చిన్న చిన్న నల్ల చుక్కలు, ఒక్కో పిక్సెల్ సైజులో: డార్క్ ఎక్కువ ఉష్ణోగ్రతలో తీసింది. హాట్ పిక్సెళ్లని అవసరానికి మించి కోసేసింది.

9. గెయిన్, రీడ్ నాయిస్ మీరే కొలుచుకోండి

ఇక్కడ గెయిన్ అంటే పైన చెప్పిన సెట్టింగు కాదు, ఫైల్‌లో ఒక అంకెకి ఎన్ని ఎలక్ట్రాన్లో చెప్పే కొలత. రీడ్ నాయిస్ అంటే సెన్సర్‌ని చదివేటప్పుడు చేరే నాయిస్. ఫొటోలు మాత్రమే తీసేవాళ్లు దీన్ని దాటేయొచ్చు. కొలతలు చేసేవాళ్లకి తప్పదు. లదాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ని మన బెంగళూరు పక్కన హోసకోట నుంచే ఉపగ్రహ లింకుతో నడుపుతారు. దాని కెమెరాతో రాసిన పేపర్లు తిరగేస్తే గెయిన్ 1.22, రీడ్ నాయిస్ 4.8 ఎలక్ట్రాన్లు అని కనిపిస్తాయి. ఆ రెండు అంకెలు లేకుండా మీ కొలతలో తప్పు ఎంతో చెప్పలేరు.

కావాల్సినవి రెండు ఫ్లాట్లు, రెండు బయాస్‌లు, అంతే. సీమాస్ అయితే బయాస్ బదులు డార్క్‌ఫ్లాట్లు. సెన్సర్ మధ్యలో 500×500 పిక్సెళ్ల పెట్టె తీసుకోండి. రంగుల కెమెరా అయితే ఆకుపచ్చ పిక్సెళ్లు మాత్రమే.

గెయిన్ = (రెండు ఫ్లాట్ల సగటుల మొత్తం − రెండు బయాస్‌ల సగటుల మొత్తం) ÷ (ఫ్లాట్ల తేడా వేరియన్స్ − బయాస్‌ల తేడా వేరియన్స్)

రీడ్ నాయిస్ = గెయిన్ × బయాస్‌ల తేడా స్టాండర్డ్ డీవియేషన్ ÷ 1.414

ఉదాహరణకి ఫ్లాట్ల సగటులు 30,000, 30,200. బయాస్ సగటులు 500, 500. పైభాగం 59,200. ఒక ఫ్లాట్ నుంచి మరో ఫ్లాట్ తీసేస్తే మిగిలిన దాని స్టాండర్డ్ డీవియేషన్ 245, వర్గం 60,025. బయాస్‌లకి 8, వర్గం 64. కిందిభాగం 59,961. గెయిన్ ఒక అంకెకి 0.99 ఎలక్ట్రాన్లు. రీడ్ నాయిస్ 5.6 ఎలక్ట్రాన్లు.

మీ కెమెరా 14 బిట్ అయితే, ఫైల్‌లో ప్రతి అంకెనీ నాలుగుతో గుణించి 16 బిట్‌గా రాసి ఉండొచ్చు. ఫైల్‌లో విలువలన్నీ 4 గుణిజాలే అయితే అదే జరిగింది. అప్పుడు మీ గెయిన్ కంపెనీ చెప్పిన దానికి నాలుగో వంతు వస్తుంది. 12 బిట్ అయితే పదహారో వంతు. టెన్షన్ పడకండి, మీ లెక్క సరిగ్గానే ఉంది.

లీనియారిటీ, అంటే వెలుగు రెట్టింపైతే అంకె కూడా రెట్టింపవుతుందా అన్నది, కూడా ఇదే ప్యాడ్‌తో తేలుతుంది. ప్యాడ్‌ని పావుగంట వెలగనిచ్చి స్థిరపడ్డాక 1, 2, 4, 8, 12, 16, 20 సెకన్లకి ఫ్రేములు తీయండి. మధ్యమధ్యలో మళ్లీ 4 సెకన్ల ఫ్రేమ్ తీస్తూ ఉండండి, ప్యాడ్ వెలుగు మారితే అది పట్టిస్తుంది. ప్రతిదాని నుంచీ అదే ఎక్స్‌పోజర్ డార్క్ తీసేసి, సగటుని సెకన్లతో భాగించండి. అన్నీ ఒక శాతం లోపల ఒకే అంకె రావాలి. పైకి పోయేకొద్దీ ఏ మట్టం దగ్గర తగ్గడం మొదలైందో నోటుబుక్కులో రాసుకోండి. కొలిచే నక్షత్రం శిఖరం ఆ మట్టం దాటకుండా ఎక్స్‌పోజర్ పెట్టుకోండి. 65,535 దాకా పర్లేదు అనుకోవడం తప్పు. చాలా కెమెరాలు అంతకు ముందే వంగుతాయి.

10. ఎన్నాళ్లకి మళ్లీ తీయాలి

డార్కులు: చల్లబరిచే కెమెరాకి ఆరు నెలలకోసారి, లేదా సాఫ్ట్‌వేర్ డ్రైవర్ మార్చినప్పుడు. డ్రైవర్ మారితే ఆఫ్‌సెట్ అర్థం కూడా మారిన సందర్భాలు ఉన్నాయి, కొత్త బయాస్ సగటుని పాతదానితో పోల్చి చూసుకోండి. ఫ్లాట్లు: కెమెరా విప్పిన ప్రతిసారీ. విప్పకుండా కప్పి ఉంచే వీలుంటే వారం దాకా నెట్టుకురావచ్చు, కొత్త వడ కనిపించనంతవరకు. గెయిన్, రీడ్ నాయిస్: ఏడాదికోసారి.

ఫైల్ పేరులోనే అన్నీ రాయండి: రకం, గెయిన్, ఆఫ్‌సెట్, ఉష్ణోగ్రత, ఎక్స్‌పోజర్, ఫిల్టర్, తేదీ. "మాస్టర్ డార్క్ కొత్తది ఫైనల్ 2" అని పెట్టుకున్న ఫైలు వానాకాలం పోయేసరికి ఏదో ఎవరికీ గుర్తుండదు. విడి ఫ్రేములు పారేయకండి, హార్డ్ డిస్క్‌లో ఒక మూల పెట్టుకోండి. మాస్టర్‌లో ఏదైనా తేడా కనిపిస్తే, ఆ రాత్రి ఏ ఫ్రేములో లైటు పడిందో వెతకడానికి అవే దిక్కు.